సువార్త టీచరు ఇంగ్లీషు నోట్సు

నేను ఒక నోట్సు పుస్తకాన్ని. అచ్చులో పడ్డదాన్ని కాను, కొట్లో దొంతర్లుగా పేర్చి అమ్మే రకాన్నీ కాను. ఇంత మందం, ఇన్ని పేజీలు అని చెప్పి మరీ నన్ను కుట్టించుకున్నారు. అందుకే మొదటినుంచీ నాకు కాస్త గర్వం. ఆ గర్వం ఇప్పుడు ఎంత మిగిలిందో, నా సంగతి విన్నాక మీరే తేల్చుకోండి.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో, ఒంగోలు బస్టాండు వెనక సందులో, సుభానీ అనే ముసలి బైండరు చేతుల్లో పుట్టాను. అంతకు ముందు నేను విడివిడి కాగితాలను. ఒక సాయంత్రం చేతిసంచీ పట్టుకుని, బక్కపలచగా ఉన్న ఒక పంతులమ్మ వచ్చి నాలుగు వందల పేజీల పుస్తకం కావాలంది.

"నాలుగొందలు ఒకే పుస్తకమా తల్లీ? రెండుగా కుడతా, మొయ్యడానికి తేలిగ్గా ఉంటది," అన్నాడు సుభానీ.

"వద్దు బాబాయ్, ఒకటే కావాల. ముందు సగం తెల్ల కాగితం, వెనక సగం పసుప్పచ్చ కాగితం పెట్టు."

"అట్టా ఎందుకు?"

"తెల్లది ఇంగ్లండు. పసుపుది అమెరికా."

సుభానీ పళ్ళు లేని నోటితో నవ్వాడు. "మరి మధ్యలో సముద్రం వద్దా?" అన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు. నన్ను కుట్టేటప్పుడు తెలుపుకీ పసుపుకీ మధ్య ఒక నీలం కాగితం చేర్చి, పైన ఎర్ర క్యాలికో గుడ్డ అంటించాడు. పుస్తకం తీసుకోవడానికి వచ్చిన పంతులమ్మ ఆ నీలం కాగితం చూసి పసిపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆమె పేరు సువార్త. టంగుటూరుకు ఐదు మైళ్ళ దూరంలో ఉన్న ఒక పల్లె, ఆ పల్లెలో ఎలిమెంటరీ స్కూలు, అందులో ఆమె టీచరు. వయసు ఇరవై ఏడు. తండ్రి పచ్చాకును వేడితో ఆరబెట్టే పొగాకు బ్యారన్ల దగ్గర మంట ఎగదోసే పనివాడు; ఆ పొగకే ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. తల్లి మరియమ్మ ఆరిన ఆకును రకాలుగా ఏరే గ్రేడింగు పనికి వెళ్ళేది. ఆమె వేళ్ళ సందుల్లో ఉండే పొగాకు జిగురు మరక ఎంత తోమినా పోయేది కాదు. సువార్త హాస్టళ్ళలో చదువుకుని టీచరు ట్రైనింగు చేసింది. అక్కడితో ఆగకుండా, పోస్టులో పాఠాలు తెప్పించుకుని ఇంగ్లీషు ఎం.ఏ. కట్టింది. డిగ్రీ కాలేజీలో లెక్చరరు కావాలని ఆమె కోరిక.

నన్ను చూడగానే మరియమ్మ, "ఏందే ఇది, బైబిలు కంటే లావుంది?" అంది.

"ఇందులోనూ దేవుడి సంగతి ఉందిలేమ్మా. కాకపోతే తలా ఒక మాట చెప్పారు," అంది సువార్త.

యూనివర్సిటీ పంపే పాఠాలు మాసిపోయిన సైక్లోస్టైలు కాగితాలు. వాటిలో సగం అక్షరాలు కనపడేవి కావు. ఆదివారం ప్రార్థన కాగానే సువార్త బస్సెక్కి ఒంగోలు గ్రంథాలయానికి వెళ్ళేది. అక్కడి పుస్తకాలు ఇంటికి ఇచ్చేవి కావు. కాబట్టి అక్కడే కూర్చుని, చదివి, ఆలోచించి, అప్పుడు నాలో రాసేది. కవి ఎవరో, ఎప్పటివాడో, ఏం రాశాడో ఇంగ్లీషులో రాసి, మార్జిన్లో మాత్రం తనకు తట్టిన మాట తెలుగులో పెట్టుకునేది.

నా తెల్ల కాగితాల మీద ఆరు వందల ఏళ్ళ ఇంగ్లండు నడిచింది. పద్దెనిమిదో శతాబ్దంలో కొలిచి తూచి రాసిన కవిత్వం పక్కన, 'నూనె పెట్టి, చిక్కు తీసి, గట్టిగా అల్లిన జడ' అని రాసింది. తర్వాత వచ్చిన రొమాంటిక్ కవుల పక్కన, 'జడ విప్పుకుని కాలవ గట్టున పరిగెత్తిన పిల్ల' అంది. విక్టోరియన్ నవల పక్కన, 'వీధిగదికి సున్నం, వంటగదిలో మసి' అని పెట్టింది. మోడర్నిజం దగ్గర మూడు వారాలు ఆగిపోయింది. ఎంత చదివినా కొరుకుడు పడలేదు. చివరికి ఒక ఆదివారం, 'ఎవరో చింపేసిన ఉత్తరం. ముక్కలు ఏరుకుని పక్కపక్కన పెట్టుకుని చదవాలి. కొన్ని ముక్కలు దొరకవు, దొరకలేదనే చదవాలి' అని రాసి కలం మూసింది. ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తూ నన్ను ఒళ్ళో పెట్టుకుని తనలో తాను నవ్వుకుంది.

నీలం కాగితం దాటాక అమెరికా. తొలినాటి ప్యూరిటన్ల పక్కన, 'నవ్వితే పాపం అనుకునేవాళ్ళు. అచ్చం మా పాస్టరుగారి తల్లి' అని ఉంటుంది. అడవిలో, చెరువుగట్టున, మనిషి లోపల దేవుణ్ణి వెతుక్కున్న ట్రాన్సెండెంటలిస్టుల పక్కన, 'పొగాకు చేలో దేవుడు ఉండకూడదా? అమ్మని అడగాలి' అని ఉంటుంది. బానిసలుగా పుట్టి, దొంగచాటుగా అక్షరాలు నేర్చుకుని, తమ కథ తామే రాసుకున్న నల్లజాతి మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆమె కలం చాలాసేపు నా మీద ఆగింది. 'చదువు దాచేస్తే చాలు, సంకెళ్ళతో పని లేదు' అని రాసి రెండు గీతలు గీసింది. రెండో గీత కాగితాన్ని కొంచెం చించింది కూడా.

ఇక హైమవతి సంగతి. అదే స్కూల్లో ఇంకో టీచరు ఆమె. సువార్త కంటే మూడేళ్ళు పెద్ద. ఒంగోలు నుంచి రోజూ బస్సులో వచ్చేది. కాన్వెంటులో చదువుకున్న మనిషి కాబట్టి ఇంగ్లీషు చక్కగా పలికేది. తారీకులు, పేర్లు గడగడా అప్పజెప్పేది. కానీ 'ఎందుకు' అనే ప్రశ్న వస్తే ఆమెకు కాళ్ళు తడబడేవి. ఇద్దరూ ఒకే ఏడు ఎం.ఏ. కట్టారు. స్కూలు వదిలాక బెంచీల మీద కూర్చుని నన్ను మధ్యలో పెట్టుకుని చదివేవారు. సువార్త ఇంగ్లీషు పలుకును హైమవతి దిద్దేది. హైమవతికి అర్థం కానిది సువార్త చెప్పేది.

"ఉన్నట్టుండి వీళ్ళు చెట్లనీ కొండల్నీ పట్టుకుని ఏడవడం ఏందే? ముందు వాళ్ళకి చెట్లు లేవా?" అని అడిగింది ఒకసారి హైమవతి.

"మిల్లులొచ్చాయక్కా. మన ఊళ్ళో బ్యారన్లు రాకముందు నాట్లేసేటప్పుడు పాడిన పాట, ఇప్పుడు ఆకు గ్రేడింగు కాడ పాడతన్నారా? మా అమ్మకి ఆ పాటలన్నీ వచ్చు. పాడమంటే ఏడుస్తది. పోయేదాకా దాని మీద పాట కట్టాలని తోచదు మనిషికి."

హైమవతి చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. "నీ బుర్రలో ఏముందే?" అంది మెచ్చుకోలుగా. అప్పట్లో ఆ చూపులో మెచ్చుకోలు తప్ప ఇంకేమీ లేదని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. మనుషులు చెడ్డవాళ్ళుగా పుట్టరు. చెడ్డపనికి వీలు చిక్కినప్పుడు దాన్ని వదులుకునే బలం వాళ్ళకు ఉండదు, అంతే.

ఒకసారి బోర్డు నిండా పదిహేనో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా గీత గీసి, తుడవడం మర్చిపోయి వెళ్ళారు. మర్నాడు హెడ్మాస్టరు కోటయ్యగారు దాన్ని చూసి, "ఏందమ్మా, పిల్లకాయలకి ఎక్కాలు చెప్పే బోర్డు మీద ఈ ఇంగ్లీషోళ్ళ వంశవృక్షం?" అన్నారట. ఇద్దరూ వారం రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నారు.

తొంభైలో ఇద్దరూ పాసయ్యారు. తొంభై ఒకటిలో డిగ్రీ లెక్చరర్ల పరీక్ష పడింది. ఖాళీలు తక్కువ, రాసేవాళ్ళు ఎక్కువ. పరీక్ష ఇంకా పన్నెండు రోజులుందనగా హైమవతి నన్ను అడిగింది.

"రెండ్రోజులియ్యవే. అమెరికా వైపు నాకు అసలు ఎక్కలా. సోమవారం తెచ్చిస్తా."

సువార్త ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పాత టవలులో చుట్టి నన్ను ఇచ్చింది. "వానొస్తే పమిట కింద పెట్టుకోక్కా," అంది.

ఒంగోలులో హైమవతి ఇంటికి వెళ్ళడం నాకు అదే మొదలు. భర్త రంగనాథం కోఆపరేటివ్ బ్యాంకులో గుమాస్తా. భార్య చేతిలో నన్ను చూసి, "ముప్పై మూడేళ్ళకి పరీక్షలు. పాసయ్యేది లేదు పెట్టేది లేదు," అని పేపరు తిరగేసుకున్నాడు. ఆ మాట ఆమె మీద ఎలా పడిందో నేను చూశాను. నన్ను పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి.

శనివారం, ఆదివారం ఆమె నన్ను చదివింది. మొదట కలంతో ముఖ్యమైనవి రాసుకుంది. తర్వాత రాసుకోవడం మానేసి ఊరికే చదవసాగింది. ఆ బానిసల పేజీ దగ్గర, చిరిగిన గీత మీద వేలు పెట్టి ఆగింది. కిటికీలోంచి బయటకి చూసింది. అప్పటిదాకా సువార్తను తనతో పాటు చదివే మనిషి అనుకుంది. ఆ నిమిషంలో, తన కంటే ఎంతో ముందున్న మనిషి అని తెలిసింది. ఆ తెలివీ, ఈ పుస్తకమూ రెండూ ఒకచోట ఉంటే తనకు చోటు లేదు. ఆమె ఆ మాట పైకి అనలేదు. నేను కల్పించి చెబుతున్నానని మీరు అనుకోవచ్చు. కానీ ఆమె లేచి, నన్ను టవలులో చుట్టి, బీరువా అడుగు అరలో పట్టుచీరల కింద పెట్టింది. ఇది కల్పన కాదు.

సోమవారం వచ్చింది. నన్ను తియ్యలేదు. కలరా ఉండల వాసన మధ్య, చీకట్లో పడుకుని సాయంత్రం ఆమె భర్తతో చెబుతున్న మాటలు విన్నాను.

"సువార్త పుస్తకం బస్సులో పోయిందండీ. సీటు మీద పెట్టి మరిచిపోయి దిగా."

నేను అరవగలిగితే ఆ బీరువా తలుపులు ఊడిపోయేవి.

బహుశా రెండు రోజుల గడువు కోసమే ఆ అబద్ధం ఆడిందేమో. కానీ ఆ మాట విని సువార్త, "పోనీలేక్కా, నువ్వు కావాలని చేశావా?" అందట. ఒంగోలు డిపో, కందుకూరు డిపో, కావలి డిపో వరసగా తిరిగింది. కండక్టర్లనందరినీ అడిగింది. ఎర్ర అట్ట పుస్తకం దొరికితే ఇప్పించమని చేత్తో రాసి బస్టాండు స్తంభాలకి అంటించింది. ఇక్కడే అసలు సంగతి ఉంది. హైమవతి కూడా ఆమె వెంట తిరిగింది. ఎండలో తిరిగి వచ్చి, బీరువా ముందున్న కుర్చీలో కూలబడి, "ఈ రోజు కూడా దొరకలేదండీ. పాపం, మధ్యాన్నం కళ్ళు తిరిగి పడబోయింది. సోడా తాగించి బస్సెక్కించా," అని రంగనాథంతో చెప్పింది. ఆ గొంతులో జాలి ఉంది. నిజమైన జాలి. దొంగతనం చేసిన చేత్తోనే సోడా తాగించి, ఆ దాహం మీద జాలిపడగలగడం మనుషులకే చేతనవును.

మిగిలిన పన్నెండు రోజుల్లో తొమ్మిది రోజులు అలా పోయాయి. పరీక్షలో సువార్తకు నాలుగు మార్కులు తగ్గాయి. హైమవతికి ఉద్యోగం వచ్చింది.

ఫలితాలు వచ్చిన వారానికి సువార్త కజ్జికాయలు చేసుకుని హైమవతి ఇంటికి వచ్చింది. నేను బీరువాలోనే ఉన్నాను. మూడడుగుల దూరంలో ఆమె గొంతు.

"మన ఇద్దర్లో ఒకళ్ళకైనా వచ్చింది. అది చాలక్కా నాకు."

"నీకే రావాల్సిందే. ఆ పుస్తకం ఉండుంటే..."

"ఊరుకో. ఎన్నిసార్లు ఏడుస్తావు దానికోసం? నోరు తెరువు, కజ్జికాయ పెడతా."

ఆ ఇంట్లో ఆ రోజు ఇద్దరూ ఏడ్చారు. ఇద్దరి కన్నీళ్ళూ నిజమైనవే అని నాకు తెలుసు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తర్వాత ఎన్నో ఏళ్ళకు మళ్ళీ పరీక్ష పడేసరికి సువార్తకు వయసు దాటిపోయింది.

హైమవతి నన్ను బయటికి తీసి మొదటి పేజీ చింపేసింది. దాని మీద సువార్త పేరు ఉండేది. ఎర్ర అట్ట కనపడకుండా ఖాకీ కాగితం అట్ట వేసింది. నన్ను పట్టుకుని జిల్లాలోనే ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పడానికి వెళ్ళింది.

ఇప్పుడు సిగ్గు విడిచి ఒక మాట ఒప్పుకుంటాను. నాకు ఆ రోజులు నచ్చాయి. బీరువా చీకటి నుంచి తరగతి గది వెలుగులోకి వచ్చాను. హైమవతి మంచి కంఠంతో, 'నూనె పెట్టి అల్లిన జడ' అని చదివితే అరవై మంది పిల్లలు నవ్వేవారు. 'చింపేసిన ఉత్తరం' అన్నప్పుడు నిశ్శబ్దంగా రాసుకునేవారు. నా లోపలి మాటలు అంతమంది చెవుల్లో పడుతుంటే పొంగిపోయాను. ఆ మాటలు ఎవరివో మర్చిపోయాననను, గుర్తున్నా పొంగిపోయాను. హైమవతి ఒక్కతే ద్రోహం చేసిందని ఎలా అనను?

మొదటి సంవత్సరం ఆమె నన్ను తెరిచినప్పుడల్లా చేతులు చల్లబడేవి. మూడో సంవత్సరానికి మామూలయ్యాయి. ఏడో సంవత్సరమో ఎనిమిదో సంవత్సరమో, ఒక అమ్మాయి లేచి, "మేడం, ఇది ఏ పుస్తకంలో ఉంది?" అని అడిగింది. హైమవతి కళ్ళజోడు సర్దుకుని, తడబాటు లేకుండా, "ఏ పుస్తకంలోనూ లేదమ్మా. నేను ఎం.ఏ. చదివేటప్పుడు రాసుకున్న నోట్సు," అంది. ఆమె అబద్ధం ఆడటం లేదు. అప్పటికి ఆమె దాన్ని నమ్ముతోంది. ఆ మాటతో నేను రెండోసారి దొంగతనానికి గురయ్యాను.

వాళ్ళ స్నేహం మాత్రం చెక్కుచెదరలేదు. ప్రతి క్రిస్మస్‌కీ హైమవతి ఆ పల్లెకు వెళ్ళేది. మరియమ్మ చనిపోయినప్పుడు మూడు రోజులు సువార్త దగ్గరే ఉండి వచ్చింది. రంగనాథానికి గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రి వరండాలో సువార్తే కాపలా కూర్చుంది. ఇలా ఇరవై మూడేళ్ళు గడిచాయి.

రెండు వేల పధ్నాలుగులో హైమవతి తరగతిలో మస్తాన్‌బీ అనే అమ్మాయి ఉండేది. కామెర్లు వచ్చి నెలరోజులు కాలేజీకి రాలేకపోయింది. "మేడం, అమెరికన్ లిటరేచరు మొత్తం పోయింది నాకు," అని కన్నీళ్ళ పర్యంతమైతే, రిటైర్మెంటు దగ్గరపడిన హైమవతి మనసు కరిగింది. నన్ను చేతికిచ్చి, "జెరాక్స్ తీయించుకుని ఎల్లుండి జాగ్రత్తగా తెచ్చియ్యి," అంది. ఇన్నేళ్ళలో నన్ను ఇంకొకరి చేతికి ఇవ్వడం అదే మొదలు. భయం పూర్తిగా పోయిందన్న మాట.

మస్తాన్‌బీది సువార్త పాఠం చెప్పే పల్లె. ఆ అమ్మాయికి అ ఆలు దిద్దించింది సువార్తే. బస్సులో నన్ను తెరిచి ఇంగ్లీషు చదువుతూ, మార్జిన్లోని తెలుగు దగ్గర ఆగింది. పలక మీద మూడేళ్ళు చూసి దిద్దిన రాతను ఎవరు మర్చిపోతారు? బస్సు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా తిన్నగా టీచరు ఇంటికి నడిచింది.

సువార్త వరండాలో కూర్చుని పిల్లల కాపీ పుస్తకాలు దిద్దుతోంది. జుట్టు సగం నెరిసింది. లావుపాటి కళ్ళజోడు. నా ఆనందం మీకు ఎలా చెప్పను? ఇరవై మూడేళ్ళు ఎదురుచూసిన గుమ్మం అది.

"టీచర్, ఇది మీ చేతిరాత గదా?"

సువార్త నన్ను తీసుకుంది. ఖాకీ అట్టను తొలగించింది. ఎర్ర గుడ్డ చూసింది. పేజీలు తిప్పి నీలం కాగితం దగ్గర ఆగింది. ముఖమంతా విప్పారింది.

"యాడ దొరికిందే ఇది నీకు? ఓరి దేవుడా, యాడ దొరికింది?"

"హైమవతి మేడం ఇచ్చింది టీచర్, జెరాక్స్ తీసుకోమని."

"అక్కకి దొరికిందా!" అంది సువార్త. ఇంకా నవ్వుతూనే ఉంది. "ఎవురో తెచ్చిచ్చుంటారు. నాకు చెప్పాలనుకుని మరిచిపోయుంటది. పెద్దదైపోతంది గదా."

మస్తాన్‌బీకి ఏమీ తెలియదు. అమాయకంగా అంది. "ఇప్పుడు కాదు టీచర్, ఎప్పటినుంచో మేడం దీంట్లోదే చెబుతది. మా పిన్ని కూడా మా కాలేజీలోనే చదివింది. ఆ జడ మాట, ఉత్తరం మాట పిన్ని నోట్సులో కూడా ఉన్నాయి. తొంభై మూడులో రాసుకుందంట."

నవ్వు ఒక్కసారిగా పోలేదు. మెల్లమెల్లగా పోయింది. సువార్త తొంభై మూడు అని పెదవులతో అనుకుంది. మళ్ళీ పేజీలు తిప్పింది. పేరు ఉండాల్సిన చోట చింపిన అంచును వేలితో తడిమింది. తర్వాత నన్ను మూసి పక్కన పెట్టి, లేచి వెళ్ళి, కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. చాలా నీళ్ళు తాగింది.

నా తిరుగురాక ఆమెకు సంతోషం తెస్తుందని అన్నేళ్ళు కలలు కన్నాను. నేను మోసుకొచ్చింది నన్ను కాదు, హైమవతి సంగతిని. పోగొట్టుకున్న పుస్తకం దొరికిన నిమిషంలోనే ఆమె స్నేహితురాలిని పోగొట్టుకుంది. ఆ రెండింటిలో ఆమెకు ఏది విలువైనదో నేను ఆ నీళ్ళు తాగడంలోనే చూశాను. నేను కాదు.

మర్నాడు ఆమె నన్ను సంచీలో పెట్టుకుని ఒంగోలు బస్సెక్కింది. హైమవతి తలుపు తీసి, "ఏమే, చెప్పాపెట్టకుండా వచ్చావు! రా, రా, కాఫీ పెడతా," అంది. సువార్త కూర్చోలేదు. నన్ను తీసి టీపాయ్ మీద పెట్టింది.

హైమవతి నన్ను చూసింది. సువార్తను చూసింది. వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"రెండ్రోజులే దాద్దామనుకున్నానే," అంది చివరికి. "తర్వాత చెబుదామని... ఎట్టా చెప్పాలో తెలవలా. ఒక రోజు దాటింది, ఇంకో రోజు దాటింది. తర్వాత చెప్పడానికి వీల్లేకుండా పోయింది."

"పరీక్ష గురించి అడగట్లేదక్కా."

"ఆయన ఆ రోజు అన్న మాట నీకు తెలీదు. నాకు ఇంకో దారి లేదనిపించింది. నీకు తెలివుంది, నువ్వు మళ్ళీ రాసుకుంటావనుకున్నా."

"ఉద్యోగం గురించీ అడగట్లేదు," అంది సువార్త. గొంతు హెచ్చలేదు. "మూడు డిపోలు నాతో పాటు తిరిగావే. కందుకూర్లో నాకు కళ్ళు తిరిగితే నా తల నీ ఒళ్ళో పెట్టుకున్నావే. అప్పుడు నీకెట్టా ఉండింది? అదొక్కటి చెప్పు. ఆ తొమ్మిది రోజులు నాతో యాడ తిరిగావు నువ్వు?"

హైమవతి ఏడుస్తూ వచ్చి సువార్త చేతులు పట్టుకోబోయింది. సువార్త చేతులు వెనక్కి తీసుకుంది. కొట్టినట్టు కాదు. వేడిపాత్ర మీద నుంచి తీసుకున్నట్టు.

"నాకు చదువు చెప్పిందెవరని అడిగితే నీ పేరే చెప్పేదాన్నక్కా. నా ఇంగ్లీషు పలుకు నువ్వు దిద్దిందే. ఇప్పుడు ఆ మాట ఎవరికి చెప్పను?"

ఆమె గుమ్మం వైపు నడిచింది.

"పుస్తకం..." అంది హైమవతి.

సువార్త వెనక్కి తిరిగింది. నన్ను చూసింది. నాకు తెలుసు, ఇప్పుడు వంగి నన్ను తీసుకుంటుంది. నాలుగు వందల పేజీలు ఆమె ఆదివారాలతో నిండినవి. ఆమెది కాక నేనెవరిని?

"నీ దగ్గరే ఉండనీ. రోజూ కనపడాల నీకు," అని వెళ్ళిపోయింది.

హైమవతి నన్ను దాచింది, తనదని చెప్పుకుంది. అవి ఎన్నైనా భరించాను, ఎందుకంటే నా మనిషి ఒకతి ఉందనుకున్నాను. ఆ మనిషి నన్ను ఇంకొకరికి శిక్షగా వదిలి వెళ్ళింది. ఆమెను తప్పుపట్టలేను. కానీ నన్ను ఎవరూ అడగలేదు.

నాలుగేళ్ళకు హైమవతి రిటైరైంది. ఆ నాలుగేళ్ళూ తరగతిలో అచ్చు పుస్తకాలు చూసి పాఠం చెప్పిందట, పిల్లలకు పాఠం చప్పబడిందట. నేను టీపాయ్ మీదే ఉన్నాను. ఆమె టీపాయ్ తుడుస్తుంది కానీ నన్ను ఎత్తదు. నా చుట్టూ గుడ్డ తిప్పుతుంది. రంగనాథం కాలం చేశాడు. ఇంట్లో ఇప్పుడు ఆమె, నేను.

కిందటి ఏడాది మస్తాన్‌బీ వచ్చింది. ఎం.ఏ. పూర్తి చేసి ఎక్కడో కాలేజీలో చేరిందట. మిఠాయి పెట్టి, మాటల్లో సువార్త సంగతి చెప్పింది. ఆమె కూడా రిటైరైంది. ఆదివారం ప్రార్థన అయ్యాక నలుగురైదుగురు ఆడపిల్లలు ఆమె ఇంటికి వస్తారట. ఇంగ్లండు, అమెరికా రచయితల గురించి, ఉద్యమాల గురించి వాళ్ళకు చెబుతుందట.

"ఏ పుస్తకం చూసి చెబుతది?" అని అడిగింది హైమవతి.

"పుస్తకం ఏమీ ఉండదు మేడం. అంతా నోటికే. ఒక్కోసారి మధ్యలో ఆగి, 'ఇది కాదే, అప్పుడు నాకు సరిగా అర్థం కాలా' అని కొత్తగా చెబుతది."

హైమవతి నా వైపు చూసింది. నేనూ నన్నే చూసుకున్నట్టయింది. ఇన్నేళ్ళూ సువార్త జీవితం నాలో ఉందనుకున్నాను. అది ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంది. నాతో పాటు పోయింది తొమ్మిది రోజులు, అంతే.

"నన్ను గురించి ఎప్పుడన్నా..." అంది హైమవతి.

మస్తాన్‌బీ తల దించుకుంది. "లేదు మేడం."

ఆ తర్వాతి ఆదివారం హైమవతి ఉతికిన చీర కట్టుకుంది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి నన్ను చేతుల్లోకి తీసుకుంది. దుమ్ము దులిపి, వెలిసిపోయిన ఎర్ర గుడ్డను కొంగుతో తుడిచి, సంచీలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుని తాళం తీసుకుంది. గేటు దాకా నడిచి, గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. రోడ్డు మీద బస్సు ఒకటి వెళ్ళింది, ఇంకొకటి వెళ్ళింది. అప్పుడు వెనక్కి తిరిగి, లోపలికి వచ్చి, నన్ను మళ్ళీ టీపాయ్ మీద పెట్టి, చీర మార్చుకుని, ఒక్కతికే అన్నం వండుకుంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారమూ అంతే. నిన్న కూడా గేటు దాకా వెళ్ళొచ్చాం.